వెయ్యికి అరవై మూడు

మా ఊరి మహిళా డిగ్రీ కాలేజీలో ఒక పరిశోధన జరిగింది. మొదటి రెండు నెలలూ దానివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

పరిశోధన చేసినావిడ డాక్టర్ హేమనళిని. ఇంగ్లీషు శాఖలో కొత్తగా చేరిన లెక్చరరు. మనం ఇంగ్లీషులో ఏదైనా రాసేటప్పుడు రెండు రకాల మాటలు వాడతామట. ఒక రకం విషయం చెప్పేవి. రెండో రకం, ఆ విషయంలోంచి చదివేవాళ్ళను దారి తప్పకుండా నడిపించేవి. ‘ముందుగా’, ‘అయితే’, ‘కాబట్టి’, ‘పైన చెప్పినట్లు’, ‘బహుశా’, ‘నిస్సందేహంగా’, ‘మీరు గమనించే ఉంటారు’ లాంటివన్నమాట. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడు “ఇదిగో పప్పు, వెనకాలే నెయ్యి వస్తోంది, ఇంకా బూరెలున్నాయి, కాస్త చోటుంచుకోండి” అంటూ తిరుగుతాడు చూడండి. పప్పు పప్పే, అతని మాటలు అతని మాటలే. రెండూ ఉంటే భోజనం సాఫీగా సాగుతుంది.

హేమనళినిగారు మన పిల్లల వ్యాసాలు నలభై రెండు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల వ్యాసాలు నలభై రెండు ముందు పెట్టుకుని, ఈ రెండో రకం మాటల్ని లెక్కపెట్టారు. వాళ్ళు వెయ్యి మాటలకు అరవై మూడు వాడారు. మనవాళ్ళు పంతొమ్మిది. ఆ సంగతి రాసి ఒక పత్రికకు పంపితే అచ్చయింది. ఆవిడ తృప్తిపడి మళ్ళీ పాఠాలు చెప్పుకుంటున్నారు.

అప్పుడు ప్రిన్సిపాల్ డాక్టర్ లీలాప్రసాద్‌గారు ఆ వ్యాసం మొదటి పేజీ చదివారు. అరవై మూడులోంచి పంతొమ్మిది తీసేశారు. నలభై నాలుగు లోటు తేలింది.

కాలేజీలకు గ్రేడులిచ్చే సంఘం త్వరలో రాబోతోంది. ప్రతి కాలేజీ తనకు మాత్రమే ప్రత్యేకమైన ‘ఉత్తమ ఆచరణ’ ఒకటి వాళ్ళకు చూపించాలి. మా కాలేజీది అప్పటిదాకా వానపాముల ఎరువు గుంట. ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు చల్లేవాళ్ళు లేక వానపాములు పోయాయి. బోర్డు మాత్రం ఉంది. కొత్త ఆచరణ కోసం ఆయన చూస్తున్న సమయానికి ఈ లోటు దొరికింది.

ఆ రెండో రకం మాటలకు తెలుగులో పేరు పెట్టడానికి ఒక కమిటీ వేశారు. సంస్కృతం మేడమ్ ఏదో పేరు సూచించారట గానీ, అది ‘అధికప్రసంగం’ అన్నట్టుగా వినిపిస్తోందని పక్కనపెట్టి, ‘మార్గపదములు’ అని ఖాయం చేశారు. మర్నాడు సర్క్యులరు వచ్చింది.

“సంస్థాగత నాణ్యతను సమున్నత స్థాయికి గొనిపోవు సంకల్పముతో, ఇకమీదట ఈ కళాశాల యందు ఆంగ్లమున సమర్పించబడు ప్రతి దరఖాస్తు, సెలవు చీటీ, సంజాయిషీ, ఫిర్యాదు మొదలగు వాని యందు వెయ్యింటికి అరవై మూడుకు తగ్గకుండ మార్గపదములు ఉండవలెను. తగ్గినచో తిరస్కరించబడును.”

సెలవు చీటీ ఎవరూ వెయ్యి మాటలు రాయరు. వంద మాటలకు లెక్క వేస్తే ఆరు పాయింటు మూడు వచ్చింది. పాయింటు మూడు మాట ఎలా రాయాలన్నది పెద్ద చిక్కయింది. దానిమీద ఇంకో కమిటీ మూడు సార్లు కూర్చుని, ‘సో’ అన్న మాటకు ఇంగ్లీషులో రెండే అక్షరాలు కాబట్టి దాన్ని పాయింటు మూడుగా పరిగణించవచ్చని తేల్చింది. సంతకం మాట కాదు గీత కాబట్టి లెక్కలోకి రాదని కూడా అదే కమిటీ తేల్చింది.

నేను ఇదే కాలేజీలో పాతికేళ్ళ కిందట బీఏ చదివాను. తర్వాత ఉద్యోగం చెయ్యలేదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి కాయితం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివే అలవాటు మాత్రం పోలేదు. అందుకని పాత విద్యార్థినులకు కూడా పంపిన ఈ సర్క్యులరు చదివి, నాకు సంబంధం లేదు కదా అని పక్కన పెట్టాను. సోమవారం సాయంత్రం గౌసియా వచ్చేదాకా.

గౌసియా మా ఎదురింటి జానీబీ కూతురు. జానీబీ జాకెట్లు కుడుతుంది. గౌసియా మా ఊరి కాలేజీలోనే బీయస్సీ మొదటి సంవత్సరంలో చేరింది గానీ, దాని మనసంతా నర్సింగు మీదే. రెండేళ్ళ కిందట జానీబీకి ఆపరేషనైతే ఈ పిల్ల పదకొండు రోజులు ఆస్పత్రిలో కూర్చుంది. తల్లి సెలైనుతో పాటు అటూ ఇటూ మంచాల సెలైన్లు కూడా కనిపెట్టి, అయిపోవస్తుంటే సిస్టర్లను పిలిచేది. పదకొండో రోజుకి సిస్టర్లే ఏదన్నా పనుంటే దాన్ని పిలవడం మొదలుపెట్టారు.

రెండో విడత కౌన్సిలింగులో దానికి జిల్లా కేంద్రంలోని సర్కారు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోగా ఇక్కడి టీసీ తీసుకెళ్ళి చేరాలి. చేరకపోతే సీటు తర్వాతి నంబరు వాళ్ళకి పోతుంది.

గౌసియా ఆ పొద్దున టీసీకి దరఖాస్తు పెట్టుకుంది. ‘నేను మొదటి సంవత్సరం విద్యార్థినిని. నాకు నర్సింగులో సీటు వచ్చింది. శుక్రవారంలోగా చేరాలి. దయచేసి నా టీసీ ఇప్పించండి.’ ఇంగ్లీషులో ఇరవై ఏడు మాటలు. ముందురోజు నాకు చూపిస్తే ఒక కామా తీసేశాను, అంతే. సర్క్యులరు గుర్తుకే రాలేదు. ఇప్పుడు అది ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

“విషయము: ఉన్నది. మార్గపదములు: లేవు. తిరస్కరించడమైనది.”

“విషయం ఉందని వాళ్ళే ఒప్పుకుంటున్నారుగా ఆంటీ,” అంది గౌసియా.

“ఒప్పుకున్నారు. అదే తప్పయినట్టుంది,” అన్నాను.

జానీబీ గుమ్మంలోనే నిలబడి, మెళ్ళో వేలాడుతున్న టేపు వేలికి చుట్టుకుంటోంది. “నువ్వే ఏదో ఒకటి రాసిపెట్టక్కా. ఆ మాటలేందో నాకైతే అర్థంకాలా. ఎన్ని కావాలంటే అన్ని ఎయ్యి. మనకేం పోయింది, కాయితమేగా.”

కాయితమే కదా అని నేనూ అనుకున్నాను. ఆ రాత్రి వంట ముగించి కూర్చుని రాశాను. ‘బహుశా నాకు నర్సింగులో సీటు వచ్చి ఉండవచ్చుననిపిస్తోంది. అయితే, ఒక విధంగా చూస్తే, శుక్రవారం ఆఖరు తేదీ కావచ్చు. కాబట్టి, వీలైతే, నా టీసీ ఇప్పించడం సముచితమేమో.’ రాసేసరికి గౌసియాకి సీటు వచ్చిన సంగతి మీద నాకే నమ్మకం సడలింది.

మంగళవారం దానితో పాటు నేనూ కాలేజీకి వెళ్ళాను. ఆఫీసు గదికి ‘లెక్కింపు కేంద్రం’ అని కొత్త బోర్డు తగిలించారు. లోపల గదికి అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. అవతల నాలుగు బల్లలు, ఒక్కో బల్లకి ఇద్దరు అటెండర్లు. ఇవతల మనం. ఈ ఏర్పాటంతా సీనియర్ అసిస్టెంటు అంకమ్మరావుగారిది. ఆయన ఇరవై రెండేళ్ళుగా ఎన్నికల డ్యూటీ చేస్తున్నారు. లెక్కపెట్టడమంటే ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

“మీరెవరమ్మా?” అన్నారు.

“గౌసియా తరఫున వచ్చానండీ. ఎదురిల్లు.”

“ఏజెంటా? ఏజెంటు నియామక ఫారం ఏదీ?”

“అదెక్కడ ఇస్తారండీ?”

“ఇక్కడే ఇస్తాం. కానీ ఆ ఫారంలో కూడా మార్గపదాలు సరిపోవాలి. అవి లెక్కపెట్టేటప్పుడు చూసుకోటానికి మళ్ళీ ఏజెంటు కావాలి.” ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు. “సర్లే, పెద్దావిడ. ఈసారికి రండి. అభ్యర్థి బయటుండాలి, ఏజెంటే లోపలికి. సెల్‌ఫోను బయటిచ్చి రండి.”

నాకు ఒక బ్యాడ్జి పెట్టి బల్ల దగ్గర స్టూలు వేశారు. ఒక అటెండరు దరఖాస్తులోని మాట ఒక్కొక్కటే పైకి చదువుతుంది. రెండో ఆమె గోడకున్న మార్గపదాల పట్టీలో అది ఉందో లేదో చూసి చెబుతుంది.

“పర్‌హ్యాప్స్!”

“చెల్లింది.”

“నర్సింగ్!”

“చెల్లదు.”

“సీట్!”

“చెల్లదు.”

“హౌఎవర్!”

“చెల్లింది. ఏజెంటుగారూ, చూసుకోండి.”

చూసుకున్నాను. పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి తండ్రి, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకి ఏజెంటుగా వచ్చినాయన, రెండో రౌండు తర్వాత తల పట్టుకున్నాడు. ఒక్క ‘సో’ తేడాతో పోయింది. “రీకౌంటింగు అడగొచ్చాండీ?” అంటే, “అడగొచ్చు, రాతపూర్వకంగా. అందులో కూడా సరిపోవాలి,” అన్నారు అంకమ్మరావుగారు.

మాది నెగ్గింది. నలభై ఒక్క మాటల్లో చెల్లినవి పదమూడు. అంకమ్మరావుగారు మైకులో ప్రకటించారు. బయటున్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. గౌసియా కళ్ళు తుడుచుకుంది. దరఖాస్తు ప్రిన్సిపాల్‌గారి బల్ల మీదికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది.

“సీటు వచ్చినదో లేదో అభ్యర్థినికే సందేహముగా నున్నది. తగు అధికారి నుండి సందేహ నివృత్తి ధ్రువపత్రము జతపరచవలెను.”

బుధవారానికి సందేహమన్నది లేకుండా రాశాను. ‘నిస్సందేహంగా నాకు సీటు వచ్చింది. శుక్రవారమే ఆఖరు తేదీ అన్నది సుస్పష్టం. కచ్చితంగా నా టీసీ ఇవ్వవలసి ఉందన్నది తిరుగులేని నిజం.’ లెక్కింపులో ఇది కూడా నెగ్గింది. తిరిగి వచ్చింది.

“అభ్యర్థిని ధోరణి దూకుడుగా నున్నది. గురువారము పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ సమక్షమున హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

“నేను దూకుడా ఆంటీ?” అంది గౌసియా. దానిది గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే తత్వం.

ఆ బుధవారమే కెమిస్ట్రీ ల్యాబులో గ్యాసు గొట్టం వదులైంది. ల్యాబు మేడమ్ వెంటనే నోటీసు బోర్డులో నోటీసు పెట్టారు. నేను అది స్వయంగా చదివాను. ముందుగా ఈ నోటీసు ఉద్దేశం ఏమిటో చెబుతానన్నారు. తర్వాత చెప్పబోయేది మూడు భాగాలుగా ఉంటుందన్నారు. విద్యార్థినులు ఇప్పటికే గమనించి ఉండవచ్చునన్నారు. దీన్ని మరో కోణంలోంచి చూడటం కూడా సాధ్యమేనన్నారు. పదిహేడో వరుసలో గ్యాసు అన్న మాట వచ్చింది. అమ్మాయిలు మాత్రం నాలుగో వరుస దగ్గరే వాసనకి బయటకు పరిగెత్తారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ప్రిన్సిపాల్‌గారు ఆ నోటీసును మెచ్చుకుంటూ, పదిహేడో వరుసలో విషయం తొందరపడి బయటపడిందని, ఇకముందు సంయమనం పాటించాలని అంచున రాశారు.

గురువారం పదకొండు గంటలకు ప్రిన్సిపాల్‌గారి గది ముందు బెంచీ మీద మాకన్నా ముందే ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో కాయితం. డాక్టర్ హేమనళిని అని గౌసియా చెవిలో చెప్పింది.

“మీరూ టీసీకేనా మేడమ్?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

“సెలవుకండీ. ఆదివారం మా తమ్ముడి పెళ్ళి. రెండుసార్లు తిప్పి పంపారు. నావి తక్కువొస్తున్నాయి.”

“మీవే తక్కువొస్తున్నాయా?”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. “‘ఆదివారం మా తమ్ముడి పెళ్ళి, రెండు రోజులు సెలవు కావాలి’ అనే రాయాలనిపిస్తోందండీ. ఎంత ప్రయత్నించినా ఆ పెళ్ళి విషయం వచ్చేస్తోంది.”

నేను సంచిలోంచి ఆవిడ పరిశోధన వ్యాసం తీశాను. ముందురోజు లైబ్రరీలో జిరాక్సు తీయించుకుని రాత్రి చదివాను. పంతొమ్మిది పేజీలు. చివరి పేజీలో చివరి పేరా కింద గీత గీసి ఉంచాను. అందులో ఇలా ఉంది: ‘ఈ లెక్కలను బట్టి రాత మంచిదో కాదో చెప్పలేము. చూసినవి ఎనభై నాలుగు వ్యాసాలే. బహుశా మన విద్యార్థినులు చెప్పవలసినది సూటిగా చెప్పేవారు కావచ్చు.’

“ఇది ప్రిన్సిపాల్‌గారు చదివారాండీ?”

“నేనే చదివి వినిపించానండీ,” అంది హేమనళిని. “చాలా సంతోషించారు. ఆ ఒక్క పేరాలోనే పదకొండు మార్గపదాలున్నాయని లెక్కపెట్టి చూపించారు. పిల్లలందరికీ అది బట్టీ పట్టిస్తున్నారు.”

ముగ్గుర్నీ ఒకేసారి లోపలికి పిలిచారు. లీలాప్రసాద్‌గారు చాలా మర్యాదస్థులు. లేచి నమస్కారం పెట్టి, కూర్చోమని, కాఫీ తెప్పించారు. 

“మేడమ్, ముందుగా నేను మూడు విషయాలు మనవి చేసుకుంటాను. మొదటిదానికి వెళ్ళేముందు రెండోదాని గురించి ఒక మాట. రెండోది మూడోదానితో ముడిపడి ఉన్నది కాబట్టి...”

“సార్, రేపు ఐదు గంటలకి ఈ అమ్మాయి సీటు పోతుంది,” అన్నాను.

ఆయన ముఖంలో బాధ కనిపించింది. ఎవరో చెయ్యి కడుక్కోకుండా విస్తరి ముందు కూర్చున్నట్టు చూశారు. “చూశారా మేడమ్. అదే. సరిగ్గా అదే మన లోటు. విషయాన్ని అలా ఎదురుగా తెచ్చి పడేస్తాం. చదివేవాడు ఏమైపోవాలి?”

“చదివేవారు టీసీ ఇస్తే సరిపోతుందండీ.”

“మీరు హృదయంతో మాట్లాడుతున్నారు. నేను అంకెలతో మాట్లాడుతున్నాను.” హేమనళిని వైపు తిరిగారు. “ఈ బృహత్కార్యానికి మూలపురుషురాలు వీరే.”

“సార్, నేను లెక్కపెట్టాను, అంతేనండీ,” అంది ఆవిడ. “అరవై మూడు మంచిదని నేనెక్కడా అనలేదు.”

“అనలేదు! ఎంత వినయమో చూడండి మేడమ్. ఆ వినయం కూడా ఒక మార్గపదమే.” ఆయన సొరుగులోంచి కొత్త సర్క్యులరు తీసి మా ముందు పెట్టారు. “పక్క ఊరి కాలేజీవాళ్ళు మన ఆచరణను కాపీ కొట్టి వెయ్యికి ఎనభై అని ప్రకటించారు. అందుకని మేము రెండువందలు చేశాం. శనివారం గ్రేడు సంఘం వస్తోంది. రేపు మధ్యాహ్నం పన్నెండులోగా వచ్చే దరఖాస్తుల్లో దేనికి అత్యధిక శాతం వస్తే, దానికి అప్పటికప్పుడే మంజూరు. ఫ్రేము కట్టించి హాల్లో పెడతాం. ఈ బాలిక కూడా పాల్గొనవచ్చు.”

“నాకు ఫ్రేము వద్దు సార్, టీసీ...” అంది గౌసియా.

“దూకుడు,” అన్నారాయన ప్రేమగా.

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద కాయితం పరుచుకున్నాం. నేను చెబుతూ ఉంటే గౌసియా రాసింది. రెండువందలు దాటడం కష్టం కాదు. కానీ బీకాం వాళ్ళు ముగ్గురు ఐదువందల దాకా వచ్చారని అప్పటికే వార్త. బస్‌పాసు కోసం పెట్టుకున్న ఒకమ్మాయిది ఏడువందలట. అత్యధికం మాదే కావాలంటే మార్గపదాలు పెంచితే చాలదు, తక్కినవి తగ్గించాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను.

‘మొదటి సంవత్సరం’ తీసేస్తే ఆరువందలయింది. ‘శుక్రవారం’ తీసేస్తే ఆరువందల డెబ్భై. ‘నర్సింగు’ దగ్గర గౌసియా కలం ఆగింది.

“అది కూడానా ఆంటీ?”

“కొట్టెయ్యమ్మా.”

కొట్టేసింది. ‘సీటు’ కూడా కొట్టేసింది. ఎనిమిదివందలు దాటాం. తక్కిన చిల్లర మాటలు కూడా ఏరేశాక ఇంకొక్క మాట మిగిలింది, టీసీ. అదొక్కటీ ఉంచుదామా అని చాలాసేపు ఆలోచించాను. అదొక్కటి ఉంటే తొమ్మిదివందల ఎనభై. అది తీసేస్తే వెయ్యి. బస్‌పాసు పిల్ల ఏ రాత్రికి ఎంత ఏరుతుందో ఎవరికి తెలుసు?

తీసేశాం. గౌసియా సాపు రాయబోతూ మొదటి వరుస చూసి ఆగిపోయింది.

“నా పేరు కూడా లేదేంటాంటీ?”

“పేరు విషయం కిందికొస్తుందమ్మా. కింద సంతకం పెట్టు. సంతకం గీతేగా.”

అది ఏడవలేదు. సంతకం మాత్రం మామూలు కన్నా పెద్దది పెట్టింది.

ఆ దరఖాస్తు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

‘అయ్యా, ముందుగా ఒక మాట. పైన చెప్పినట్లుగాను, కింద చెప్పబోతున్నట్లుగాను, మొదటిది ఏమిటంటే. అది అలా ఉండగా, రెండవది. అయితే, మరోవైపు, బహుశా. తమరు గమనించే ఉంటారు. మరో విధంగా చెప్పాలంటే, అనగా, ఉదాహరణకు. నిస్సందేహంగా, ఒక మేరకు. ఆశ్చర్యకరంగా, కాబట్టి, అందువలన, తత్ఫలితంగా. చివరగా, మొత్తం మీద, ఇట్లు.’

శుక్రవారం పదిన్నరకి మా బల్ల మీద లెక్కింపు మొదలైంది. “చెల్లింది, చెల్లింది, చెల్లింది” అని రెండో అటెండరు అంటూనే ఉంది. సగానికి వచ్చేసరికి చుట్టుపక్కల బల్లలు ఆగిపోయాయి. అంకమ్మరావుగారు కుర్చీలోంచి లేచారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క చెల్లని ఓటు లేని పెట్టె ఆయన చూడలేదు.

“ఏదో రిగ్గింగు జరిగిందమ్మా ఇందులో. మళ్ళీ లెక్కపెట్టండి.”

మళ్ళీ లెక్కపెట్టారు. వెయ్యికి వెయ్యి.

ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. పది నిమిషాల్లో స్టాఫ్ అందర్నీ హాల్లోకి పిలిచారు. లీలాప్రసాద్‌గారు వేదిక మీద నిలబడి దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా చదివారు. ‘తమరు గమనించే ఉంటారు’ దగ్గర ఆగి, అదొక్కటీ రెండోసారి చదివారు.

“ఎంత ధార! ఎంత గమనం! మొదలుపెట్టిన దగ్గర్నుంచి ముగించేదాకా ఎక్కడా విషయం అడ్డు తగల్లేదు,” అన్నారు. ముందు వరుసలో హేమనళిని మాత్రం తల వంచుకుని కాలి వేలితో నేల మీద ఏదో రాస్తోంది.

అక్కడికక్కడే జేబులోంచి పెన్ను తీసి దరఖాస్తు మీద రాశారు: “కోరిన విధముగా మంజూరు చేయడమైనది.” చప్పట్లు మోగాయి.

పన్నెండుంపావుకి ఆఫీసులో అంకమ్మరావుగారి ముందు నిలబడ్డాం. జిల్లా కేంద్రం బస్సు ఒంటిగంటకి. ఆయన దరఖాస్తుని ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి చూశారు.

“ఇంతకీ ఏం కోరావమ్మాయ్?”

“టీసీ అండీ.”

“ఇందులో ఎక్కడా లేదే.”

“కోరిన విధంగా అని సారు రాశారుగా అండీ,” అన్నాను. “అందరి ముందూ చదివే రాశారు. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. మీకు అనుమానముంటే లోపలికెళ్ళి, సార్, మీకు ఇందులో ఏం అర్థమైంది అని అడిగి రండి.”

అంకమ్మరావుగారు లోపలి తలుపు వైపు చూశారు. దరఖాస్తు వైపు చూశారు. రిటైర్మెంటుకి ఇంకెన్నాళ్ళుందో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు కదిలాయి. తర్వాత బీరువా తెరిచి టీసీ పుస్తకం తీశారు.

“నాకెందుకమ్మా,” అన్నారు. “కోరిన విధంగానే ఇస్తున్నా.”

టీసీ ఫారం ప్రభుత్వం అచ్చేసింది. గడులు చిన్నవి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పట్టాక ఇంకొక్క మాటకి చోటుండదు. అన్నీ చకచకా నింపి, ‘కళాశాల విడుచుటకు కారణము’ అన్న గడి దగ్గర ఆయన ఆగారు. కారణం దరఖాస్తులో ఉన్నదే వెయ్యాలి, సొంతంగా వెయ్యకూడదు. అది నిబంధన. ‘దరఖాస్తు యందు వివరించినట్లు’ అని రాసి, దరఖాస్తు నకలు జతచేసి, దాని మీద కూడా ముద్ర వేసి ఇచ్చారు.

ఒంటిగంట బస్సు ఎక్కాం. దారిలో టైరు పంక్చరైంది. నర్సింగు కాలేజీ గేటు దగ్గర దిగేసరికి నాలుగూ ఇరవై. అడ్మిషన్ల కౌంటరు ముందు పదిహేను మంది. మా వంతు వచ్చేసరికి గోడగడియారం ఐదుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

కౌంటర్లో ఒక పెద్దావిడ. తెల్ల కోటు, ముక్కు చివర కళ్ళజోడు. పొద్దుటి నుంచీ కాయితాలు చూసి చూసి విసిగిపోయి ఉంది.

“పేరు?”

“షేక్ గౌసియా అండీ.”

సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. టీసీ దగ్గర ఆగింది.

“విడిచిపెట్టడానికి కారణం ‘దరఖాస్తులో వివరించినట్లు’ అనుందేంటి? డిబారు చేశారా? గొడవేమన్నా ఉందా? కారణం లేకుండా నేను తీసుకోను. ఏదీ ఆ దరఖాస్తు?”

గౌసియా జతచేసిన కాయితం తిప్పి చూపించింది. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యెత్తింది. “అమ్మాయి చెప్పాలి. రేపు వార్డులో మీరుంటారా?”

ఆవిడ దరఖాస్తు చదివింది. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చదివింది. కాయితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడ ఏమీ లేదు. మా వెనక లైనులో ఎవరో గడియారం చూసి గొణిగారు.

“ఏమ్మా, ఇందులో ఏమీ లేదే?”

“లేదండీ.”

“దీన్నే మంజూరు చేశారా మీ ప్రిన్సిపాలు?”

“చేశారండీ. ఫ్రేము కూడా కట్టిస్తున్నారు.”

ఆవిడ దాన్ని కింద పెట్టి, మొదటిసారి గౌసియా ముఖంలోకి నేరుగా చూసింది.

“మరి ఆ కాలేజీ ఎందుకు వదిలిపెట్టావే తల్లీ?”

గౌసియా ఆ కాయితం మీద వేలు పెట్టింది.

“ఇందుకేనండీ.”

ఆవిడ ఆ వేలికేసి చూసింది. తర్వాత ముద్ర తీసుకుని, సిరా దిండు మీద గట్టిగా అద్ది, కొట్టింది.

“సోమవారం ఏడింటికి రా. జుట్టు ముడేసుకుని రా. నెక్స్ట్!”